పాత రోమ్‌ని విప్పి కామెంట్లు రాశాను, జీపీఎల్ కింద పెట్టొచ్చా?

పాతపెట్టె:
రెండేళ్లుగా సెలవు రోజుల్లో 1980ల నాటి ఇంటి కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కి ఎమ్యులేటర్ (ఆ మెషీన్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) ఒకటి రాస్తున్నాను. కోడ్ మొత్తం నాదే, జీపీఎల్ (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే లైసెన్స్) కింద పెట్టేస్తాను, దాని గొడవ లేదు. చిక్కంతా ఆ మెషీన్ 16 కిలోబైట్ల రోమ్‌తోనే, అంటే చిప్‌లో కంపెనీ పెట్టిన ప్రోగ్రామ్‌తోనే. దాన్ని డిస్అసెంబుల్ చేసి (చదవగలిగే అసెంబ్లీ కోడ్‌గా మార్చి), ప్రతి రొటీన్‌కీ పేరు పెట్టి, తెలుగులో కామెంట్లు రాసి, ఒకట్రెండు బగ్గులు కూడా సరిచేశాను. ఇంత చాకిరీ చేశాక ఆ ఫైలు నాదే కదా? పైగా కంపెనీ ఎప్పుడో చేతులు మారింది, అందరూ అబాండన్‌వేర్ (ఓనర్ వదిలేసిన సాఫ్ట్‌వేర్) అంటున్నారు. దాన్నీ జీపీఎల్‌లో కలిపేయొచ్చా? అదే రిపోలో (కోడ్ పెట్టే ఆన్‌లైన్ చోట్లో) సీపీ/ఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ డిస్క్ ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు ఫైలు) కూడా పెడదామనుకుంటున్నా.

జెడ్80_పిచ్చోడు:
పెట్టేయండి బ్రో, 40 ఏళ్ల నాటి సరుకు, ఎవడు అడుగుతాడు.

మూడో_పేరా:
ఎవరూ అడగకపోవచ్చు, కానీ రేపు మీ రిపోని నమ్మి వాడుకున్నవాళ్లు ఇరుక్కుంటారు. అబాండన్‌వేర్ అనేది మనం పెట్టుకున్న ముద్దుపేరు, చట్టంలో అలాంటిదేం లేదు. రోమ్‌లోని బైనరీకి (మెషీన్ చదివే కోడ్‌కి) కాపీరైట్ ఉండదన్న వాదనని కూడా 1983లోనే ఆపిల్, ఫ్రాంక్లిన్ కేసులో అమెరికా అప్పీల్ కోర్టు కొట్టేసింది. మీరు చేసింది పరాయి స్థలంలో ఇల్లు కట్టడం లాంటిది. కామెంట్లు మీవే, కింద ఉన్న కోడ్ మాత్రం మీది కాదు, మీది కానిదానికి లైసెన్స్ ఇవ్వడం మీ చేతిలో లేదు.

స్పెక్ట్రమ్ విషయంలో ఓనర్ ఎవరో తెలియని బాధ కూడా లేదు. 1986లో సింక్లెయిర్ దగ్గర్నుంచి ఆమ్‌స్ట్రాడ్ కొంది, 1999లో ఎమ్యులేటర్‌తో పాటు రోమ్‌ని పంచుకోవచ్చని ఆ కంపెనీ తరఫున మాట కూడా ఇచ్చారు. కాకపోతే కాపీరైట్ మాదే, ఆ నోటీసు చెరపకూడదు, రోమ్‌కి డబ్బు తీసుకోకూడదు అన్నారు. జీపీఎల్ కింద వచ్చినదాన్ని ఎవరైనా అమ్ముకోవచ్చు కాబట్టి ఆ రెండింటికీ పొసగదు. డెబియన్ అనే లినక్స్‌లో ఆ రోమ్‌లు నాన్-ఫ్రీ విభాగంలో ఉన్నది అందుకే. మార్చకుండా వేరే ఫోల్డర్‌లో, నోటీసుతో పెట్టుకోండి. అదీ వద్దనుకుంటే ఓపెన్‌ఎస్‌ఈ బేసిక్ అనే జీపీఎల్ రోమ్ ఉంది.

డిస్క్‌మూల:
సీపీ/ఎం కథ ఇంకా తమాషా. దాన్ని తయారుచేసిన డిజిటల్ రీసెర్చ్‌ని 1991లో నోవెల్ కొంది, తర్వాత హక్కులు కాల్డెరాకి, అక్కణ్నుంచి లీనియోకి వెళ్లాయి. 2001లో అనుమతి అయితే వచ్చింది గానీ ఆ వాక్యంలో ఒక వెబ్‌సైట్ పేరు ఇరికింది, దాంతో అది ఆ సైటు వాళ్లకేనా, అందరికా అని ఏళ్ల తరబడి పంచాయితీ నడిచింది. 2022లో, ఆ అనుమతి ఇచ్చిన బ్రయాన్ స్పార్క్సే అందరికీ అని స్పష్టంగా రాసిస్తే గానీ తెగలేదు. ఒక్క వాక్యం కోసం 21 ఏళ్లు!

అయితే ఆ మాట డిజిటల్ రీసెర్చ్ రాసినదానికే చెల్లుతుంది. మీ డిస్క్‌లో బయాస్ భాగం (హార్డ్‌వేర్‌తో మాట్లాడే కోడ్) ఆ మెషీన్ కోసం వేరేవాళ్లు రాసి ఉంటారు, పక్కన ఏ వర్డ్ ప్రాసెసరో ఉంటే అది మరొకరిది. ఇమేజ్ మొత్తాన్ని ఒకే గాట కట్టొద్దు.

పాతపెట్టె:
సరే, డిస్క్ ఇమేజ్ తీసేస్తున్నా. మరి నా కామెంట్లు? వెయ్యికి పైనే ఉన్నాయి, అవి వృథాయేనా?

మూడో_పేరా:
కానక్కర్లేదు. స్కూల్‌కిట్ అనే డిస్అసెంబ్లీ టూల్‌లో కంట్రోల్ ఫైలు అని ఉంటుంది, అందులో అడ్రసులూ వాటికి మీరు రాసిన వివరణలే ఉంటాయి, రోమ్ కోడ్ ఉండదు. ఎవరి రోమ్‌ని వాళ్లు ఇస్తే కామెంట్లతో సహా లిస్టింగ్ తయారవుతుంది. బగ్ సవరణల్ని ప్యాచ్‌గా (మార్పులు మాత్రమే ఉన్న ఫైలుగా) ఇవ్వండి. మీ ఫైలు స్కూల్‌కిట్ వాడే స్కూల్ ఫార్మాట్‌లో ఉందా? ఉంటే విడదీసే టూల్ అందులోనే వస్తుంది.

పాతపెట్టె:
లేదు, మామూలు అసెంబ్లీ ఫైలే. చిన్న స్క్రిప్ట్ రాసుకోవాలన్నమాట. ఈ ఆదివారం కూడా పోయినట్టే.