డయాలిసిస్ పేషెంట్‌కి హఠాత్తుగా ఆయాసం వస్తే అల్ట్రాసౌండ్ ప్రోబ్ ముందు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న
నమస్తే అండి. డయాలిసిస్ యూనిట్‌లో నైట్ డ్యూటీ చూస్తున్న జూనియర్ డాక్టర్‌ని. పోయిన వారం ఒకాయన రెండు సెషన్లు మానేసి అర్ధరాత్రి ఆయాసంతో వచ్చారు. బీపీ 210/110, పడుకోబెడితే ఊపిరాడటం లేదు. వెంటనే డయాలిసిస్ పెట్టి నీరు తీశాం, తెల్లారేసరికి తేరుకున్నారు. నిన్న ఇంకొకావిడకి సెషన్ మొదలైన 40 నిమిషాలకి అచ్చం అలాంటి ఆయాసమే. కాళ్ళవాపు ఉంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఇదీ నీరెక్కువే అనుకుని యూఎఫ్ (మెషిన్ ఒంట్లోంచి నీరు తీసే వేగం) పెంచబోయాను. బీపీ 90కి దిగింది చూడండంటూ సిస్టర్ ఆపారు. మా మేడమ్ వచ్చి ఎకో చూస్తే గుండె చుట్టూ నీరు. రాత్రంతా నిద్ర పట్టలేదు. యూనిట్‌లో పోర్టబుల్ అల్ట్రాసౌండ్ ఉంది కానీ నాకు వాడటం కొంచెమే వచ్చు. ఏ వరసలో చూడాలి? ఏం కనబడితే నీరు తీయాలి, ఏం కనబడితే తీయకూడదు?

జవాబు – ఐసీయూ డాక్టర్
ముందు ఆ సిస్టర్‌కి థాంక్స్ చెప్పండి. గుండె చుట్టూ చేరిన నీరు గుండెని నొక్కేస్తున్నప్పుడు, అంటే టాంపొనాడ్‌లో, లోపలికొచ్చే రక్తం మీదే బీపీ నిలబడుతుంది. అప్పుడు యూఎఫ్ పెంచితే ఆ కాస్తా తగ్గి పేషెంట్ కుప్పకూలిపోతారు. నేను పీజీలో ఉండగా ఇదే తప్పు చేశాను. ఆ పేషెంట్‌ని నిలబెట్టుకునేసరికి మా ప్రాణాలు పోయినంత పనైంది. అప్పటినుంచి గుండె మీద ప్రోబ్ పెట్టకుండా యూఎఫ్ జోలికి వెళ్ళను.

స్కాన్ మెషిన్ ఆన్ అయ్యేలోపు పేషెంట్‌ని కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టండి, ఈసీజీ తీయించండి. పొటాషియం పెరిగిందో లేదో అల్ట్రాసౌండ్‌లో కనబడదు. స్కాన్ నాలుగైదు నిమిషాల్లో అయిపోవాలి.

మొదట ఛాతీ చూడండి. కర్వ్డ్ ప్రోబ్‌ని పక్కటెముకలకి అడ్డంగా, అంటే తల నుంచి కాళ్ళ వైపు నిలువుగా పెడితే రెండు ఎముకల నీడలు, వాటి మధ్య కాస్త లోపలగా ఒక తెల్లటి గీత కనిపిస్తుంది. అదే ప్లూరా, అంటే ఊపిరితిత్తి మీది పొర. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గీత తళతళలాడుతూ అటూ ఇటూ జరగాలి. దాని నుంచి టార్చి వేసినట్టు స్క్రీన్ అడుగుదాకా మాసిపోకుండా దిగే చారలు బి-లైన్లు. ఒక సందులో 3 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, రెండు వైపులా చాలాచోట్ల అలాగే కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనే అనుమానం బలపడుతుంది. చారలు లేకుండా గీతకి సమాంతరంగా, సమాన దూరాల్లో అడ్డగీతలు కనిపిస్తూ ప్లూరా కూడా కదులుతుంటే అక్కడ ఊపిరితిత్తి పొడిగా ఉన్నట్టే. పక్కల కిందిభాగంలో ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి బయట చేరిన నీరు) ఉందేమో కూడా ఒకసారి చూసేయండి.

తర్వాత గుండె. ఆయాసంలో ఉన్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకండి. కూర్చున్నట్టే ఉంచి, కాస్త ఎడమకి వాల్చి, రొమ్ము ఎముక పక్కన పెడితే చాలావరకు కనిపిస్తుంది. గుండె చుట్టూ నీరుందా, ఎడమ జఠరిక బాగా ముడుచుకుంటోందా, కుడి జఠరిక ఉబ్బిందా, ఈ మూడు తేలితే చాలు. చివరికి ఐవీసీ, అంటే ఒంటి కిందిభాగం నుంచి గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర. 2.1 సెం.మీ. దాటి, ఊపిరి లోపలికి లాగినా సగం కూడా కుంగకపోతే నిండుగా ఉన్నట్టు.

మీ నిన్నటి కేసులో పొరపాటు ఇక్కడే జరిగింది. ఉబ్బిన మెడ నరాలు, నిండిన ఐవీసీ ఒంట్లో నీరు ఎక్కువైతే మాత్రమే వచ్చేవి కావు. టాంపొనాడ్‌లో, పల్మనరీ ఎంబోలిజంలో (ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం), టెన్షన్ న్యూమోథొరాక్స్‌లో (ఊపిరితిత్తి బయట గాలి చేరి నొక్కేయడం) కూడా అచ్చం అలాగే ఉంటాయి. తేడా చెప్పేది ఊపిరితిత్తులు. తడిగా ఉండి, బీపీ ఎక్కువగా ఉండి, గుండె చుట్టూ నీరు లేకపోతే ధైర్యంగా నీరు తీయండి. ఆలోగా నైట్రోగ్లిజరిన్ (బీపీ తగ్గించే మందు), బైపాప్ (మాస్క్‌తో ఊపిరికి సాయం చేసే మెషిన్) మొదలుపెట్టండి. మూత్రమే రాని పేషెంట్‌కి లాసిక్స్ (మూత్రం తెప్పించే మందు) ఇచ్చి ఎదురుచూడొద్దు. ఐవీసీ నిండుగా, ఊపిరితిత్తులు పొడిగా ఉంటే మాత్రం యూఎఫ్ ఆపేసి, కార్డియాలజీకి ఫోన్ చేస్తూనే గుండెని మళ్ళీ చూడండి.

మెడలోనో కాలర్ ఎముక కిందో కొత్తగా కాథెటర్ వేసి ఉంటే ఆ వైపు గాలి చేరిందేమో, అంటే ప్లూరా జరుగుతోందో లేదో తప్పకుండా చూడాలి. ఒకవైపే బి-లైన్లు, ఎగుడుదిగుడు ప్లూరా, ఊపిరితిత్తి కాలేయంలా గట్టిగా కనబడటం లాంటివి ఉంటే న్యుమోనియా వైపు ఆలోచించండి.

డయాలిసిస్ టెక్నీషియన్
సర్ చెప్పినదానికి మా వైపు నుంచి రెండు మాటలు. సెషన్ మొదలైన కొద్ది నిమిషాల్లోనే దురద, ఒళ్ళు మంటతో ఆయాసం వస్తే డయలైజర్ (రక్తాన్ని వడకట్టే ఫిల్టర్) రియాక్షన్ కావచ్చు. స్కాన్ కోసం ఆగకండి. పంప్ ఆపి, లైన్లు క్లాంప్ చేయాలి, రక్తం తిరిగి ఎక్కించకూడదు. రెండోది, ఒక బెడ్ నుంచి ఇంకో బెడ్‌కి వెళ్ళేటప్పుడు ప్రోబ్‌తో పాటు దాని వైరు కూడా తుడవండి. అది బెడ్ పట్టీలకీ బ్లడ్ లైన్లకీ తగులుతూనే ఉంటుంది. హెపటైటిస్ పేషెంట్లున్న యూనిట్లలో ఇది చిన్న విషయం కాదు.

ప్రశ్న అడిగిన డాక్టర్
చాలా థాంక్స్ సర్. ఇవాళే ఒకాయనకి చూశాను. ఆయాసం ఏమీ లేదు, కానీ సెషన్‌కి ముందు రెండు వైపులా బి-లైన్లు ఉన్నాయి. అదేంటి?

జవాబు – ఐసీయూ డాక్టర్
రెండు సెషన్ల మధ్య గ్యాప్ ఎక్కువైతే ఆయాసం లేకుండానే అలా కనిపించవచ్చు. అవే చోట్ల సెషన్ అయ్యాక మళ్ళీ పెట్టి చూడండి. నీటి వల్ల వచ్చినవైతే తగ్గుతాయి. తగ్గకపోతే డ్రై వెయిట్ (అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు) సరిగ్గా ఉందో లేదో చూడండి. ఆకలి తగ్గి కండ కరిగిపోయిన పేషెంట్‌కి బరువు మారకపోయినా, పోయిన కండ స్థానంలో నీరు చేరి ఉంటుంది. ఊపిరితిత్తుల్లో పాత ఫైబ్రోసిస్ (మచ్చలు) ఉన్నా బి-లైన్లు అలాగే ఉండిపోతాయి.

ప్రశ్న అడిగిన డాక్టర్
ఇంకొక్కటి సర్. గుండె వెనక నల్లగా కనబడితే అది గుండె చుట్టూ ఉన్న నీరా, ఎడమ ప్లూరల్ నీరా ఎలా తేల్చాలి?

జవాబు – ఐసీయూ డాక్టర్
పారాస్టెర్నల్ లాంగ్ యాక్సిస్‌లో (రొమ్ము ఎముక పక్క నుంచి గుండెని పొడవునా చూసే వ్యూ) లోతు పెంచి డిసెండింగ్ అయోర్టాని (కిందికి దిగే పెద్ద ధమని) వెతకండి, గుండె వెనక గుండ్రంగా కనిపిస్తుంది. నీరు అయోర్టాకీ గుండెకీ మధ్యలోకి దూరితే పెరికార్డియల్. అయోర్టా వెనక్కి పోతే ప్లూరల్. పెరికార్డియల్ అని తేలిన పేషెంట్‌కి తర్వాతి సెషన్ హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) లేకుండా చేయమని షీట్ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి, డ్యూటీ మారినప్పుడు ఆ మాట జారిపోకుండా.