నిద్రపుచ్చడానికి కథ ఉండాలా, అక్కర్లేదా?

హనుమకొండ అమ్మ:
మూడేళ్ల పాపకు రాత్రిపూట ‘గుడ్‌నైట్ మూన్’ చదువుతున్నాను. అందులో కుందేలు పిల్ల గదిలోని వస్తువులన్నిటికీ వరసగా గుడ్‌నైట్ చెబుతుంది, అంతే. "రాజు లేడు, రాక్షసుడు లేడు, ఇదేం కథ?" అంటారు మా అత్తగారు. కథ లేకపోవడమే దాని గొప్ప అంటాను నేను. మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాసిన ఈ పుస్తకం 1947లో వచ్చింది. క్లెమెంట్ హర్డ్ వేసిన బొమ్మల్లో పేజీలు తిప్పేకొద్దీ అదే గది మెల్లగా చీకటి పడుతుంది, గడియారం ఏడు నుంచి ఎనిమిదీ పదికి చేరుతుంది. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం ఉంటే పిల్ల నిద్రపోతుందా?

కాజీపేట తాతయ్య:
ఆత్రం ఉంటేనే అల్లరి మాని వింటారమ్మా. నేను ఏడు చేపల కథ చెబుతాను, మనవడు ఊ కొడతాడు. ఊ ఆగిందంటే నిద్రపట్టినట్టే. పుస్తకానికి లైటు వేయాలి. లైటు వేసి నిద్రపుచ్చడం ఏం పద్ధతి?

హనుమకొండ అమ్మ:
తాతయ్యగారూ, ఏడు చేపల కథ నా పక్షాన సాక్ష్యం! చేప, గడ్డిమోపు, ఆవు... అడిగే ప్రశ్న ఒకటే, పేరు మాత్రం మారుతుంది. ఇందులో ఆత్రం ఎక్కడుంది?

పుస్తకాల పురుగు, వరంగల్:
మీ అత్తగారు ఒంటరి కారు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1972 దాకా ఆ పుస్తకాన్ని కొననే లేదు. నా బాధ వేరు. మన తెలుగు బొమ్మల పుస్తకాల్లో చాలావాటికి చివర నీతి తగిలిస్తారు. నిద్రపోయే పిల్లకు నీతి ఎందుకు? ‘స్టోరీవీవర్’ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఫోనులో చూపించకండి, వెంటనే వీడియో అడుగుతారు. ప్రింటు తీయించుకోండి.

అంగన్‌వాడీ టీచర్, నర్సంపేట:
మధ్యాహ్నం భోజనం కాగానే పిల్లలందరినీ ఒకేసారి పడుకోబెట్టాలి. పుస్తకం పట్టుకుంటే ముందు వరసకే బొమ్మ కనపడుతుంది, వెనకవాళ్లు లేచి వచ్చేస్తారు. నా ఓటు తాతయ్యగారికే.

హనుమకొండ అమ్మ:
ఇంట్లో ఒక్క పాపే కదండీ, ఒళ్లోనే ఉంటుంది. జీరో బల్బు చాలు, పేజీలన్నీ దానికి కంఠస్థం.

కాజీపేట తాతయ్య:
కంఠస్థమైతే ఇక పుస్తకం ఎందుకమ్మా?

హనుమకొండ అమ్మ:
ఆ గదిలో ఒక చిట్టెలుక ఉంది. రంగుల పేజీ వచ్చినప్పుడల్లా చోటు మారుస్తుంది. అదెక్కడుందో వేలు పెట్టి చూపించనిదే మా పాప పేజీ తిప్పనివ్వదు.