‘బర్గ్లరీ’ని తెలుగులో ఏమనాలి? 18వ శతాబ్దపు ఇంగ్లండు విచారణ పాఠంపై చర్చ

ప్రశ్న: మా అల్లుడిది ఇంగ్లండు. 18వ శతాబ్దంలో లండనులోని అతని పూర్వికుల ఇంట దొంగలు పడగా, ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో జరిగిన విచారణ పాఠం దొరికింది. మనుమలు చదువుకొనేందుకు దాన్ని తెలుగులో రాస్తున్నాను. ‘బర్గ్లరీ’ అని ఉన్నచోట ‘దొంగతనం’ అంటే సరిపోతుందా, ‘దోపిడీ’ అనాలా, ‘కన్నం’ అనాలా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

జవాబు: అమ్మా, ‘దొంగతనం’ అంటే చాలదు, ‘దోపిడీ’ అంటే తప్పవుతుంది. మనిషిని కొట్టో బెదిరించో అతని దగ్గరున్నది లాక్కోవడం దోపిడీ. ఆనాటి ఇంగ్లండు చట్టం దాన్ని వేరే నేరంగానే చూసింది. మీరడిగిన మాటకు ఆ చట్టంలో చాలా కచ్చితమైన అర్థం ఉంది. దొంగతనం వంటి పెద్ద నేరం చేసే ఉద్దేశంతో, రాత్రివేళ, ఇతరుల నివాసగృహాన్ని ఛేదించి లోపలికి చొరబడడమే ఆ నేరం. ఇందులో ఏ ఒక్కటి లోపించినా అభియోగం నిలవదు. 1769లో వెలువడిన తన వ్యాఖ్యాన గ్రంథపు నాలుగో సంపుటంలో ఇంగ్లండు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టోన్ ఈ మాటలను ఒక్కొక్కటిగా విప్పి చెప్పాడు. ఎదుటి మనిషి ముఖం ఆనవాలు పట్టేంత పగటి వెలుగు మిగిలి ఉంటే అది రాత్రి కాదు. వెన్నెల ఎంత కాసినా లెక్కలోకి రాదు. ఛేదించడమంటే తలుపు బద్దలుకొట్టడమే కానక్కరలేదు, వేసి ఉన్న తలుపు గొళ్లెం ఎత్తినా ఛేదించినట్టే. బార్లా తెరిచి ఉన్న తలుపులోంచి నడిచివస్తే మాత్రం కాదు. పొగగొట్టంలోంచి దిగినా ఛేదనమే, ఎందుకంటే పొగగొట్టాన్ని అంతకు మించి మూసి ఉంచడం ఎవరి తరమూ కాదు. చొరబడడానికి ఒళ్లంతా లోపలికి రావలసిన పనీ లేదు, చెయ్యి పెట్టినా చాలు.

మన మాటల్లో బరువుకు దీనికి సాటి వచ్చేది ‘కన్నం’ ఒక్కటే. రాత్రి, ఇల్లు, గోడను ఛేదించడం మూడూ అందులో ఇమిడి ఉన్నాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో గృహభేదనాన్ని నిర్వచించిన 445వ సెక్షన్ కింద ఇచ్చిన మొట్టమొదటి ఉదాహరణ కూడా, గోడకు కన్నం వేసి అందులోంచి చెయ్యి దూర్చిన దొంగదే. ఇంగ్లండు చట్టం చదివి వచ్చినవారు ఇక్కడి ఇళ్లనూ ఇక్కడి దొంగలనూ దృష్టిలో పెట్టుకొని రాసిన వాక్యమది అని నాకు అనిపిస్తుంది. అయినా మీ పాఠంలో ఆ మాట వాడవద్దనే నా సలహా. 1666 నాటి అగ్నిప్రమాదం తరువాత లండను నగరంలో ఇళ్లను ఇటుకతోనో రాతితోనో కట్టాలని చట్టం చేశారు. అక్కడి దొంగ సాధారణంగా గోడ జోలికి పోడు, కిటికీనో తలుపునో చూసుకొంటాడు.

మరొక సభ్యుడు: పత్రికల్లో తాళం పగలగొట్టినా ‘ఇంటికి కన్నం’ అనే రాస్తున్నారు కదండీ. వాడుకలో అర్థం విస్తరించినప్పుడు అభ్యంతరం దేనికి?

జవాబు: విస్తరించిన మాట నిజమే, వార్తలో నాకు అభ్యంతరం లేదు. న్యాయస్థానపు పాఠంలో మాత్రం ఇల్లు ఎలా ఛేదించారన్నదే వివాదాంశం, దాని మీదే ముద్దాయి ప్రాణం ఆధారపడి ఉంటుంది. అందువల్ల అభియోగంలో ‘రాత్రివేళ నివాసగృహాన్ని ఛేదించి చొరబడి’ అని పూర్తిగా రాసి, కథనంలో ‘ఆ ఇంట దొంగలు పడ్డారు’ అనడం మేలు. 1733కు ముందు అక్కడి అభియోగపత్రాలు లాటిన్‌లో ఉండేవి, ‘బర్గ్లారితెర్’ అన్న క్రియావిశేషణం వాటిలో తప్పనిసరి. ఇంగ్లీషులోకి మారాక కూడా దానికి సరిపడే మాట తప్పనిసరిగానే నిలిచింది. అదే పనిగా ఒక్కమాట కావాలంటే ‘గృహభేదనపూర్వకంగా’ అనవచ్చు.

అమ్మా, మీరు ఎక్కువ జాగ్రత్తపడవలసింది తీర్పు దగ్గర. ఈ నేరానికి ఉరిశిక్షే. ఉరి తప్పించే ‘మతాచార్యుల మినహాయింపు’ అనే పాత వెసులుబాటు కూడా 1576 నుంచి దీనికి వర్తించలేదు. ఛేదించినట్టు రుజువు కాకపోయినా, 1713 నాటి చట్టం ప్రకారం ఇంట్లోంచి 40 షిల్లింగులు, అంతకు పైబడిన విలువగల సొత్తు ఎత్తుకుపోతే ఉరే. ముద్దాయి మీద జాలి పడిన జ్యూరీలు సొత్తు విలువను 39 షిల్లింగులుగా నిర్ణయించి ప్రాణం కాపాడేవి. బ్లాక్‌స్టోన్ దీన్ని పుణ్యం కోసం ఆడిన అసత్యప్రమాణమన్నాడు. అందుచేత తీర్పులో ‘39 షిల్లింగుల మేరకు దోషి’ అని ఉంటే దాన్ని అక్షరాలా అలాగే ఉంచండి. వట్టి ‘దోషి’ అని కుదిస్తే ఒక మనిషి ఉరి తప్పించుకొన్న సంగతే పాఠంలోంచి మాయమవుతుంది. 1718 తరువాత అలాంటివారిని ఎక్కువగా ఏడేళ్ల ప్రవాసశిక్ష వేసి అమెరికా వలసలకు పంపేవారు. అదృష్టం కలిసిరానివాడు లండనులో పేరుమోసిన దొంగ జాక్ షెపర్డ్: 1724 ఆగస్టులో అతని మీద మూడు అభియోగాలు మోపగా రెండు వీగిపోయాయి, నీబోన్ అనే బట్టల వర్తకుని ఇంట్లోంచి 108 గజాల ఉన్నిగుడ్డ వగైరా దొంగిలించిన మూడోది నిలిచింది. చెరసాల నుంచి తప్పించుకొని మళ్లీ దొరికిన అతన్ని నవంబరు 16న లండను ఉరిశిక్షలు అమలయ్యే టైబర్న్‌లో ఉరితీశారు.

‘ప్రాసిక్యూటర్’ అన్న మాట కనబడితే సర్కారీ వకీలని పొరబడవద్దు. ఆ రోజుల్లో సొత్తు పోగొట్టుకొన్నవాడే నేరస్థుణ్ని కోర్టుకీడ్చి, సొంత ఖర్చుతో వ్యవహారం నడపాలి. కనుక ఆ మాట మీ అల్లుడి పూర్వికుణ్నే సూచిస్తుండవచ్చు. తెలుగులో ‘ఫిర్యాది’ అనండి. సొత్తు జాబితాలో ఆడవారి గౌనులు, టోపీలు ఉన్నా వాటిని ‘ఫలానా అతని సొత్తు’ అనే రాసి ఉంటారు. పెళ్లయిన స్త్రీ వస్తువులు చట్టం దృష్టిలో భర్తవి. దాన్ని ‘ఆమె చీరసారెలు’ అంటూ మనకు అలవాటైన తీరులోకి మార్చవద్దు. అలాగే 1752కు పూర్వం అక్కడి చట్టం లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. విచారణ జనవరిలోనో ఫిబ్రవరిలోనో జరిగి ఉంటే, మూలంలో 1731 అని ఉన్నది మన లెక్కకు 1732 అవుతుంది. వంశవృక్షంలో తేదీ ఎక్కించే ముందు ఆ ఏడాదిని ఒకసారి సరిచూసుకోండి.