జిల్లా లైబ్రరీల్లో ఏఐ పెడితే మంచిదేనా?

పాలమూరు_పాఠకుడు:
లైబ్రరీలో ఒక కంప్యూటర్ పెట్టి, ఏ డౌటు వచ్చినా ఏఐనే అడగండి అంటే మీకు ఓకేనా? నాకైతే కాదు. మొన్న ఫోన్‌లో ఒక చాట్‌బాట్‌ని గోల్కొండ కవుల సంచికలో మా ఊరి వైపు కవులెవరని అడిగాను. ఇద్దరి పేర్లు, పద్యం మొదటి పాదం, పేజీ నంబరుతో సహా ఇచ్చింది. సంబరంగా పుస్తకం తీస్తే ఆ పేజీలో ఇంకెవరిదో పద్యం, మొత్తం తిరగేసినా ఆ ఇద్దరూ లేరు. తెలంగాణలో కవులే లేరన్న మాట పడలేక సురవరం ప్రతాపరెడ్డి 354 మందిని వెతికి 1934లో అచ్చు వేయించిన పుస్తకమది. దాంట్లోకి లేని కవులను చొప్పిస్తే ఎట్లా?

గ్రూప్స్_మూడోసారి:
అన్నా, మీ దగ్గర పుస్తకం ఉంది కాబట్టి పట్టుకున్నారు. గ్రూప్స్ పరీక్షలకు చదివే మేం లైబ్రరీకి పోయేది కుర్చీ, ఫ్యాను కోసం, పుస్తకాలు కూడా మేమే తెచ్చుకుంటాం. ఏదైనా అడుగుదామంటే ఉన్న ఒక్క సారు పేపర్లు సర్దాలి, రిజిస్టర్ చూడాలి. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూము తీసుకుని కోచింగ్‌కు పోలేనోళ్లకు ఏఐ ఉంటే తప్పేంటి? గైడ్లలో తప్పులు లేవా?

నీలగిరి_అక్క:
తప్పుల విషయంలో తమ్ముడన్నది నిజమే. నా టెన్షన్ వేరే. పెళ్లయిన కొత్తలో గృహహింస చట్టం పుస్తకం కోసం లైబ్రరీకి పోయాను. ఇంటికి తెస్తే రిజిస్టర్‌లో పేరు పడుతుందని, నాలుగు మధ్యాహ్నాలు మూల బెంచీ మీదే కూర్చుని చదివి, మళ్లీ అరలో పెట్టి వచ్చాను. ఎవరికీ తెలియదు. అదే ప్రశ్న కార్డు నంబరు కొట్టి మెషిన్‌లో టైపు చేసి ఉంటే?

గ్రూప్స్_మూడోసారి:
ఫోన్‌లో అన్నీ అడుగుతూనే ఉన్నాం కదక్కా.

నీలగిరి_అక్క:
ఫోన్ నాది, నా ఇష్టం. లైబ్రరీ నడిచేది మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సుతో, అక్కడ నన్ను అడగకుండా నేను టైపు చేసింది రికార్డు చేసి ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల డేటాకు తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023లో చేసిన డేటా చట్టమే చెబుతోంది, మరి ఎండాకాలం సెలవుల్లో వచ్చే పిల్లల సంగతేంటి? పేరు అడగకుండా, అడిగింది రాత్రికి చెరిపేసేటట్టు పెట్టమనండి, నేనే వచ్చి వాడతా.

పాలమూరు_పాఠకుడు:
చెరిపారని మనకెట్ల తెలుస్తుందక్కా? టెండర్‌లోనే రాయించాలి. ఏ జవాబు ఏ పుస్తకంలోదో చూపించాలి, ఆ పుస్తకం అరలో ఉండాలి.

గ్రూప్స్_మూడోసారి:
రాయించండి. దానికంటే ముందు ఆ సారుకు తోడుగా ఇంకొకర్ని వేయమనండి, రాత్రి ఫ్యాన్లు ఆపి తాళం వేసేది కూడా ఆయనే.