అక్రోపోరా పగడం అడుగు నుంచి తెల్లబారుతోంది, వెలుగు తగ్గించాలా?

ప్రశ్న:
మా 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియానికి 11 నెలలు నిండాయి. మెత్తని పగడాలన్నీ బాగున్నాయి గానీ, రెండు నెలల క్రితం తెచ్చిన అక్రోపోరా కొమ్మ వారం రోజులుగా అడుగు నుంచి తెల్లబారుతూ పైకి వస్తోంది. ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, కాల్షియం 420, నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా. ఆల్కలినిటీ (పగడం ఎముక కట్టుకోవడానికి వాడుకునే కార్బొనేట్ల మోతాదు, దీన్ని డీకేహెచ్‌లలో కొలుస్తారు) ఆదివారం ఉదయానికి 6.8 డీకేహెచ్‌కు పడిపోతే, దాన్ని పెంచే ద్రావణం వారానికి సరిపడా ఒకేసారి పోసి 9.2కు తెస్తున్నాను. ఆవిరైన నీటికి బదులు 8 లీటర్ల ఆర్వో నీటిని కూడా ఆ రోజే కలుపుతాను. వెలుగు ఎక్కువై ఇలా జరుగుతోందా?

మొదటి సమాధానం:
దయచేసి ఇప్పుడే దీపాల జోలికి వెళ్లకండి. వెలుగు ఎక్కువై పాలిపోయిన పగడంలో, దానికి రంగునిచ్చే శైవలాలు (సూక్ష్మమైన ఆల్గే) బయటికి పోతాయే తప్ప చర్మం మిగిలే ఉంటుంది. భూతద్దంతో చూస్తే గాజుపొరలాంటి ఆ చర్మమూ, అందులో పాలిప్‌లూ (పగడాన్ని కట్టే పువ్వుల్లాంటి చిన్న జీవులు) కనిపిస్తాయి. మీ కొమ్మ మీద తెలుపు గీత గీసినట్టు పైకి జరుగుతోందంటే, అక్కడ చర్మమే ఊడిపోయి ఉత్త సున్నపు ఎముక మిగిలిందని నా అభిప్రాయం.

నా అనుమానమంతా ఆదివారం మీదే. 7 అయినా 9 అయినా అక్రోపోరా సర్దుకుంటుంది గానీ, ఒక్క పూటలో 2.4 డీకేహెచ్ పెరగడాన్ని తట్టుకోలేదు. పైగా 8 లీటర్లు ఆవిరయ్యేసరికి లవణీయత (నీటిలోని ఉప్పు, వెయ్యికి ఇన్ని వంతులని లెక్క) 35 నుంచి దాదాపు 36.5కు చేరి, ఆర్వో నీరు పోయగానే మళ్లీ దిగుతుంది. ద్రావణం వేయకుండా రెండు రోజులు ఒకే సమయానికి ఆల్కలినిటీ కొలిస్తే రోజువారీ వాడకం తెలుస్తుంది. ఆ మేరకే ప్రతిరోజూ వేయండి, నీటిని కూడా రోజూ కలపండి.

రెండో సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూనే, నైట్రేట్, ఫాస్ఫేట్ అనే పోషకాలు రెండూ సున్నా ఉండటం కూడా నన్ను కలవరపెడుతున్నాయని చెప్పాలి. పోషకాలు లేని నీటిలో ఆల్కలినిటీ ఎక్కువైతే కొమ్మల కొనలు మాడిపోతాయి. చేపలకు మేత కాస్త పెంచి, నైట్రేట్ 5 పీపీఎం (పది లక్షల్లో వంతులు) దరిదాపుల్లోనూ, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దరిదాపుల్లోనూ నిలిచేలా చూడండి.

మూడో సమాధానం:
తెలుపు ఇంకా పైకి పాకుతుంటే ఆలస్యం చేయకుండా, గీతకు ఒక సెంటీమీటరు పైన, ఆరోగ్యంగా ఉన్న చోట కొమ్మను కత్తిరించి, జెల్ రూపంలోని సైనోఅక్రిలేట్ (సూపర్ గ్లూ రకం) జిగురుతో వేరే రాతిముక్కకు అతికించండి.

ప్రశ్న అడిగినవారు:
భూతద్దంతో చూశాను. తెల్లని చోట చర్మం లేదు, గీత అంచున పీలికలు వేలాడుతున్నాయి. పైభాగంలో పాలిప్‌లు విచ్చుకునే ఉన్నాయి కాబట్టి రెండు కొనలను ఈ రాత్రే కత్తిరిస్తున్నాను.