తెల్లవారనా, తెల్లవారలా?

కందుకూరు నుంచి: చిలకమర్తి వారి "భరతఖండంబు చక్కని పాడియావు / హిందువులు లేగదూడలై యేడ్చుచుండ" పద్యం. మూడో పాదం మా నాన్న "తెల్లవారలు గడుసరి గొల్లవారు" అని చదివేవారు. అచ్చులో "తెల్లవారను" అని చూశాను. ఏది సరైంది? పొద్దుట్నుంచీ అదే నోట్లో ఆడతా ఉంది.

ఒంగోలు మాస్టారు: తేటగీతి ఛందస్సుకి రెండూ సరిపోతాయి. వారను, వారలు రెండూ భగణమే (ఒక గురువు, రెండు లఘువులు). తెల్ల-గొల్ల ప్రాసయతీ (రెండో అక్షరం "ల్ల" కలవడం) చెడదు. ఇక తేల్చాల్సింది అన్వయమే. "తెల్లవారు అను గొల్లవారు" అంటే చక్కటి రూపకం. "వారలు" అంటే కర్తలిద్దరు పక్కపక్కన పడతారు.

కావలి నుంచి: 1907లో రాజమండ్రి సభలో, బిపిన్ చంద్రపాల్ ప్రసంగాన్ని తెలుగు చేస్తూ చెప్పిన పద్యం మాస్టారూ. విన్నవాళ్ల నోటెంట ఊరూరా పాకింది. జనం నోట నిలిచిన పాఠాన్ని అంత తేలిగ్గా తీసెయ్యొద్దు.

చీరాల నుంచి: నన్ను పట్టుకున్నది నాలుగో పాదం, "పితుకుచున్నారు మూతులు బిగియగట్టి". నోరెత్తనివ్వలేదని కదా? వైస్రాయి లిట్టన్ 1878లో తెచ్చిన దేశభాషా పత్రికల చట్టమే కవి మనసులో ఉందంటాను.

ఒంగోలు మాస్టారు: దాన్ని తర్వాతి వైస్రాయి రిప్పన్ హయాంలోనే ఎత్తేశారమ్మా. 1910 పత్రికల చట్టమేమో పద్యం తర్వాతది.

కరవది నుంచి: పాడి ఉన్నోళ్లని అడగండబ్బా. దూడ లేందే ఆవు చేపదు, అంటే పాలు దించదు. ముందు నాలుగు గుక్కలు తాగనిచ్చి, చేపు రాగానే దూడని లాగి, మూతికి చిక్కం (తాళ్ల అల్లిక) బిగించి తల్లి ఎదురుగా కట్టేస్తారు. చిక్కం ఉన్నా దూడ అరుస్తానే ఉంటది. "ఏడ్చుచుండ" అన్నాడు కదా! కట్టింది మాటని కాదు, కడుపుని.

చీరాల నుంచి: అట్టయితే చిక్కం ఏదో నేను చెప్తానన్నా. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల బట్టకి పోటీ రాకూడదని 1896లో మన మిల్లుబట్ట మీదే మూడున్నర శాతం సుంకం వేశారు. ఇక పితుకుడంటారా, మొదటి యుద్ధంలో, 1917లో, మన ఖజానా నుంచి ఇంగ్లండుకి 10 కోట్ల పౌన్లు "కానుక". పది లక్షలకు పైగా మనుషులు సముద్రాలు దాటి పోయారు.

కావలి నుంచి: యుద్ధం పద్యం తర్వాత ఏడేళ్లకి కదమ్మా.

చీరాల నుంచి: అందుకే ఆయన కవి. సుంకం మాత్రం ముందుదే.

కరవది నుంచి: ఆ పాడియావు మా ఒంగోలు ఆవే అయ్యుంటది. బ్రెజిల్ వాళ్లు ఈ జాతిని ఇప్పటికీ "నెలోర్" అనే పిలుస్తారు, 1960ల్లో మా ఊరి ఎద్దూ అక్కడికే పోయింది.

ఒంగోలు మాస్టారు: గోదావరి ఒడ్డున నిలబడి చెప్పిన పద్యంలో ఒంగోలు ఆవుని ఎందుకు తలుస్తాడయ్యా? సరే, ముందు "గడుసరి" సంగతి చూడండి. అది గొల్లవారికి మెచ్చుకోలా, తిట్టా?