టీఎస్‌హెచ్ నార్మల్‌కి వచ్చినా బరువు తగ్గడం లేదు: డోసు పెంచమని అడగాలా?

గుంటూరు కోడలు
నాకు 38 ఏళ్ళు. రెండేళ్ళ కిందట థైరాయిడ్ తక్కువుందని తేలినప్పుడు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోను, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది) 14. ఇప్పుడు రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను, టీఎస్‌హెచ్ 3.1కి వచ్చింది. జబ్బు బయటపడేలోపు తొమ్మిది కిలోలు పెరిగాను, మాత్ర మొదలయ్యాక తగ్గింది రెండున్నరే. మా తోడికోడలు తన డోసు తనే పెంచుకుని సన్నబడిందట, నన్నూ 100 వేసుకోమంటోంది. మా ఆయనేమో "థైరాయిడ్ అంతా సాకు, నోరు కట్టుకో" అన్నారు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. మీరేమంటారు?

మియాపూర్ నడక
అక్కా, బాధపడొద్దు గానీ, బావగారి మాట కటువే అయినా పూర్తిగా తప్పు కాదు. రిపోర్టు నార్మల్ వచ్చాక కూడా థైరాయిడ్ మీదికి నెట్టేస్తే ఎలా? నేను అన్నం సగానికి తగ్గించి, రోజూ గంట నడిచి ఎనిమిది కిలోలు తగ్గాను.

కడప అక్క
తమ్ముడూ, నీకు థైరాయిడ్ ఉందా? నాకు పదకొండేళ్ళుగా ఉంది. "సాకు" అనే మాట నేను ఒప్పుకోను. మాత్ర మొదలుపెట్టకముందు పొద్దున లేస్తే మొహమంతా ఉబ్బు, చేతికి గాజులు బిగుసుకుపోయేవి, రెండంతస్తులు ఎక్కాలంటే మధ్యలో మెట్టు మీద కూర్చునేదాన్ని. ఆ ఒంటితో గంట నడవడం ఎవరివల్ల అవుతుంది?

అయితే చెల్లీ, ఇంకో నిజం కూడా చెప్పాలి. థైరాయిడ్ తగ్గడం వల్ల నేరుగా వచ్చే బరువు మామూలుగా 5 నుంచి 10 పౌండ్లు, అంటే రెండు నుంచి నాలుగున్నర కిలోలేనని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ చెబుతోంది. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ. మాత్రతో పోయేది అదే. నీకు తగ్గిన రెండున్నర ఆ లెక్కలోదే. మిగతాది నీ తప్పని ఎవరన్నా నేను ఊరుకోను, కానీ మాత్రతో పోయేది మాత్రం కాదు.

డోసు నీ అంతట నువ్వు పెంచొద్దు. మూడో ఏడు నేనూ ఎవరికీ చెప్పకుండా రోజుకి మాత్రన్నర వేసుకున్నాను. నెలన్నరలో మూడు కిలోలు తగ్గాను. కానీ పడుకుంటే గుండె దడదడలాడేది. జాకెట్టుకి హుక్ కుడదామంటే చేతులు వణికి సూదిలో దారం ఎక్కేది కాదు. టీఎస్‌హెచ్ 0.05 చూసి డాక్టరమ్మ తిట్టిపోసింది, ఇలాగే సాగితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి అని. పాత డోసుకి రాగానే ఆ మూడు కిలోలూ తిరిగొచ్చాయి. ముందు నీ తోడికోడలిని రక్తపరీక్ష చేయించుకోమను.

మందుల షాపు
ఇంతకీ మాత్ర ఎలా వేసుకుంటున్నారమ్మా? పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కాఫీకైనా అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. రోజూ గ్యాస్ మాత్ర వాడితే థైరాయిడ్ మాత్ర సరిగా పట్టకపోవచ్చు, డాక్టరుగారికి చెప్పండి. జుట్టుకని బయోటిన్ వేసుకుంటుంటే టెస్టుకి రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే రిపోర్టే తప్పుగా రావచ్చు.

మియాపూర్ నడక
మెట్ల మీద కూర్చోవడం దాకా ఉంటుందని నాకు తెలియదు, సారీ అక్కా. కానీ 3.1ని డాక్టరే 1కి తెస్తే? అది కూడా వద్దంటారా?

కడప అక్క
నీరసం లాంటివి ఇంకా ఉంటే డాక్టరే డోసు మార్చవచ్చు, అది వేరే సంగతి. బరువు కోసమైతే లాభం లేదు. టీఎస్‌హెచ్ నార్మల్ పరిధిలోనూ, దానికి కాస్త పైనా ఉండేలా డోసు అటూ ఇటూ మార్చి చూసిన పరిశోధన అమెరికాలోని ఒరెగాన్ నుంచి 2018లో వచ్చింది. బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మిగిలిన ఆరున్నర కిలోలకి దారి తిండీ నడకే, అక్కడ నీ మాట కాదనను. కాకపోతే కడుపు మాడ్చుకోవద్దు. నేను అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోట గట్టిపప్పు, గుడ్డు, కూర పెంచాను. నాలుగు కిలోలు తగ్గడానికి పది నెలలు పట్టింది.

గుంటూరు కోడలు
మాత్ర వేసుకున్న పది నిమిషాలకే కాఫీ తాగుతున్నాను, టిఫిన్ అవగానే కాల్షియం. ఎవరూ చెప్పలేదు. ఇవాళే కాల్షియం డబ్బా రాత్రి భోజనం దగ్గరికి మార్చాను.

మందుల షాపు
మంచిది. ఇలా ఆరు నుంచి ఎనిమిది వారాలు వేసుకుని టెస్టు చేయించండి. మాత్ర బాగా పడితే డోసు తగ్గించాల్సి రావచ్చు కూడా.

గుంటూరు కోడలు
అలాగేనండీ. మా ఆయనకి ఇదంతా చదివి వినిపించాను. తోడికోడలికి ఫోన్ చేస్తే మాత్రం, సన్నబడ్డాను కదా టెస్టెందుకు అంటోంది. గుండెదడ ఉందా అని అడిగితే ఫోన్ పెట్టేసింది. అక్కా, ఆమెకి ఎలా చెబితే వింటుంది?